మన పిల్లల పాట ఏ చానెల్‌లో వస్తుంది?

గత వేసవిలో మా మనోహరాబాద్‌లో జరిగిన ఒక చిన్న సంఘటన ఈ టపాకు మూలం. చిన్నదే గానీ, నాటి నుండి నన్ను నిలువనీయడం లేదు.

మా వీధిలో డెబ్భై దాటిన ఒక పెద్దమ్మ ఉన్నది. ఆమె కొడుకు బహ్రెయిన్ దేశంలో ఒక పెద్ద దుకాణంలో లెక్కలు చూసే ఉద్యోగి. భార్యాబిడ్డలు కూడా అక్కడే ఉంటారు. సెలవులకు అందరూ వచ్చారు. ఒకనాటి సాయంత్రం కరెంటు పోగా వీధివారమంతా అరుగుల మీద చేరాము. ఆ పెద్దమ్మ మనుమరాలు, ఆరేళ్ల పిల్ల, ఉన్నట్టుండి లేచి ఒక పాట అందుకున్నది. అది అరబ్బీ పాట. చేతులు తిప్పుతూ, తల ఊపుతూ, ఎక్కడా తడబడకుండా పాడింది. మాకు అర్థం తెలియకపోయినా, ఆ పిల్లకు తెలుసునన్న సంగతి ముఖంలోనే కనిపించింది. ఇంట్లో చెల్లెలు పుడితే కలిగే సంబరమట.

"గిదేం పాటనే బిడ్డా?" అని అడిగింది పెద్దమ్మ.

"ఆడ మా టీవీల వస్తది బాపమ్మా. పిల్లల పాటల చానెల్."

"మంచిగున్నది. మరి మనది ఒక్కటి పాడు."

పిల్ల కాసేపు ఆలోచించింది. తరువాత ఒక తెలుగు సినిమా పాట పాడింది. ఆ పాట నడుమును గురించినది. దానికి తగిన అభినయం కూడా చేసింది. తల్లి సిగ్గుపడి చేయి పట్టి కూర్చోబెట్టింది. మేమంతా నవ్వి ఊరకున్నాము. నవ్వక ఏం చేస్తాము? ఆ పిల్లకు తెలిసిన తెలుగు పాట అదొక్కటే.

అప్పుడు పెద్దమ్మే లేచింది. మోకాళ్ల నొప్పిని లెక్కచేయక, వంగి చప్పట్లు చరుస్తూ, తాను పెళ్లి కాకముందు పాడుకున్న బొడ్డెమ్మ పాట ఎత్తుకున్నది. పిల్ల కళ్లు విప్పార్చి చూసి, తానూ వెనుకే రెండు చుట్లు తిరిగింది. పాట అయిపోయిన తరువాత అడిగింది:

"గిది ఏ చానెల్ల వస్తది బాపమ్మా?"

"ఏ చానెల్ల రాదు బిడ్డా. మా అవ్వ చెప్పింది నాకు."

"మరి నేను ఆడికి పోయినంక ఎట్ల ఇనాలె?"

ఈ ప్రశ్నకు అరుగు మీద ఉన్న పదిమంది పెద్దవాళ్లలో ఒక్కరి దగ్గరా జవాబు లేకపోయింది. ఆ ఒక్కరు లేని పదిమందిలో నేనూ ఉన్నాను. ఆ సిగ్గుతోనే ఇది వ్రాస్తున్నాను.

ఆ పిల్ల చెప్పిన చానెల్ పేరు తుయూర్ అల్ జన్నా. స్వర్గ విహంగాలు అని అర్థం. 2008లో మొదలయింది. జోర్డాన్ దేశీయుడైన ఖాలిద్ మిఖ్దాద్ దాని వ్యవస్థాపకుడు. అతని సొంత బిడ్డలే అందులో పాడారు. ఇంకా కొందరు పిల్లలు తోడయ్యారు. ఉపగ్రహం ద్వారా అరబ్బు దేశాలన్నిటికీ ఆ పాటలు చేరాయి. తరువాత యూట్యూబులోనూ ఆ పేరు అరబ్బీ భాషలో మిక్కిలి ప్రేక్షకులున్న వాటిలో ఒకటయింది. అమ్మ, నాన్న, బడి, పళ్లు తోముకోవడం, పండుగ, కొత్తగా పుట్టిన పాపాయి, ఇవే ఆ పాటలకు వస్తువులు. వాద్యాలు కూడదనుకునే ఇళ్ల కోసం కొన్ని పాటలను వాద్యాలు లేకుండా కూడా అందించారు. అంటే తమ శ్రోత ఎవరో, ఆ శ్రోత ఇంటి కట్టుబాట్లేమిటో ఎరిగి పని చేశారన్నమాట.

అది ఒంటరి ప్రయత్నం కూడా కాదు. 2000లో మొదలైన స్పేస్‌టూన్ ప్రపంచపు కార్టూన్లను శుద్ధమైన ప్రామాణిక అరబ్బీలోకి మార్చి ఒక తరం పిల్లలకు ఆ భాషను చెవికి ఎక్కించింది. 2005లో ఖతర్ దేశం అల్ జజీరా పేరుతో పిల్లల చానెల్ పెట్టింది. 2009లో బడి ఈడుకు రాని పసివారి కోసం బరాయిమ్ అనే మరొకటి పెట్టింది. బరాయిమ్ అంటే మొగ్గలు. మొగ్గలకు కూడా ఒక చానెల్ ఉండాలని ఆ దేశానికి తోచింది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు మన దేశంలో 8 కోట్ల 11 లక్షలు. జోర్డాన్ దేశపు జనాభా నేటికీ ఇంచుమించు కోటీ పది లక్షలే. అదే లెక్కల ప్రకారం ఒక్క తెలంగాణ జనాభా మూడున్నర కోట్లు. కనుక మనం కొద్దిమందిమని ఏడవడానికి వీల్లేదు. తుయూర్ అల్ జన్నా మొదలైన ఆ 2008లోనే తిరుమల తిరుపతి దేవస్థానం శ్రీ వేంకటేశ్వర భక్తి చానెల్‌ను ప్రారంభించింది. అంతకు ముందు సంవత్సరం భక్తి టీవీ వచ్చింది. 2004లో టీవీ9తో మొదలైన ఇరవై నాలుగు గంటల వార్తల పరంపర తరువాత ఎన్ని చానెళ్లుగా పెరిగిందో లెక్కించడానికి రెండు చేతుల వేళ్లు చాలవు. సినిమాలకు చానెళ్లున్నాయి. సినిమాల్లోని పాటలకు ప్రత్యేకంగా చానెళ్లున్నాయి. దేవుడికి, రాజకీయానికి, సినిమాకు తెలుగులో చోటున్నది. పసివాడి పాటకు లేదు.

"పిల్లల చానెళ్లు ఉన్నాయి కదా" అనే మిత్రులున్నారు. ఉన్నాయి. 2009లో సన్ సంస్థ ఖుషీ టీవీని తెచ్చింది. 2021లో ఈటీవీ బాలభారత్ పలు భారతీయ భాషలలో వచ్చింది. వీటి వల్ల మేలు జరగలేదని నేననను. తెలుగులో మాట్లాడే డోరాను చూసి పలికిన పిల్లలను నేనెరుగుదును. కానీ ఖుషీలో ప్రధానంగా కనిపించేవి పరభాషల నుండి గొంతు మార్చుకుని వచ్చిన కార్టూన్లు. ఒకే బొమ్మకు పది భాషల గొంతులు తగిలించడం వ్యాపారానికి చవక. అందులో తప్పు లేదు. అయితే బొమ్మకు గొంతు తగిలించినట్టు పాటకు తగిలించడం కుదరదు. పాట భాష నడకలోనుండి పుడుతుంది. చెమ్మచెక్క ఆడే పిల్లల చప్పట్ల మధ్య ఎడం తెలుగు మాటల్లోని గురులఘువులకు సరిపడి ఉంటుంది. దానిని అనువదించలేరు, దిగుమతి చేసుకోలేరు. ఎవరో ఒకరు కూర్చుని తెలుగులోనే కట్టాలి, తెలుగు పిల్లలే పాడాలి. నేను లేదంటున్నది అదే.

"టీవీలో తెలుగు పిల్లలు పాడుతూనే ఉన్నారుగా, ఆ పోటీలన్నీ ఏమిటి?" అని రెండవ ఆక్షేపణ. పాడుతున్నారు. ఏం పాడుతున్నారు? పెద్దవాళ్ల పాటలు. 1996లో ఈటీవీలో మొదలైన పాడుతా తీయగా ఎందరో చక్కని గాయకులను వెలికి తెచ్చింది. బాలసుబ్రహ్మణ్యం గారు ఆ వేదిక మీద పిల్లల ఉచ్చారణను దిద్దిన తీరును ఎవరూ మరువలేరు. 2020లో ఆయన పోయినప్పుడు మా ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. కానీ పిల్లల చేత పాడించడం వేరు, పిల్లల కోసం పాడించడం వేరు. ఎనిమిదేళ్ల పిల్ల విరహగీతాన్ని గమకాలతో పాడితే న్యాయనిర్ణేతల కళ్లు చెమ్మగిల్లుతాయి. ఆ పాట ఆ పిల్లది కాదు, వింటున్న మరో ఎనిమిదేళ్ల పిల్లదీ కాదు. అందులో ఆనందం మొత్తం మన పెద్దవాళ్లది.

నృత్య పోటీల సంగతి చెప్పనే అక్కరలేదు. పెద్దల సినిమా నృత్యాలను పిల్లల చేత అసభ్యమైన భంగిమలతో చేయించవద్దని 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖ ప్రైవేటు చానెళ్లకు హెచ్చరిక పంపవలసి వచ్చింది. ప్రభుత్వం చెబితే గానీ తెలియని సంగతా అది? మా పెద్దమ్మ మనుమరాలు అరుగు మీద చేసిన అభినయం ఎవరు నేర్పారు? బడి నేర్పలేదు, తల్లి నేర్పలేదు. చూసి నేర్చింది. అరబ్బీ తెర ముందు కూర్చుంటే చెల్లెలి మీద ప్రేమ నేర్చింది, తెలుగు తెర ముందు కూర్చుంటే నడుము తిప్పడం నేర్చింది. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదువుకోవలసిందిగా తెలుగు టెలివిజన్ పెద్దలను కోరుతున్నాను.

మూడవ ఆక్షేపణ కొంత బరువైనది. "ఆ అరబ్బీ చానెల్‌ను ఆదర్శంగా చూపుతున్నావు. అందులో మతం లేదా? అమరత్వం పొందుదామని పసివారి చేత పాడించిన పాట ఉన్నదే, దానిని ఏమంటావు?" ఆ పాట ఉన్నది. దాని మీద విమర్శలు వచ్చాయి. న్యాయమైన విమర్శలే. చావును గూర్చి పసివారి నోట పాడించడాన్ని ఏ కారణం చెప్పినా నేను సమర్థించను. యుద్ధం ఇంటి గడపలో ఉన్న జాతుల బాధ మనకు పూర్తిగా తెలియకపోవచ్చును. అయినా ఆ బరువును మోయవలసినవి పెద్దల భుజాలే. ఒక కుటుంబమే చానెల్ కావడం, సొంత బిడ్డల బాల్యమే సరుకు కావడం కూడా నాకు నచ్చని విషయాలే. ఆ చానెల్‌ను తెచ్చి ఇక్కడ నాటమని నేనడగడం లేదు. దాని దోషాలు దానితోనే ఉండనివ్వండి. నేనడిగేది ఒక్కటే. తమ పిల్లలు తమ భాషలో, తమ వయసుకు తగిన పాట పాడాలన్న తలపు వారికి వచ్చింది. మనకెందుకు రాలేదు?

నిజానికి ఆ తలపు మనకు వారికంటే చాలా ముందే వచ్చింది. అదే ఇందులో మిక్కిలి బాధాకరమైన అంశం.

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపిన కాలానికి జోర్డాన్‌లో టెలివిజన్ లేదు, జోర్డాన్ స్వతంత్ర దేశమే కాలేదు. వారు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. ఆ పేర్లు పిల్లలే పెట్టుకున్నట్టు ఉంటాయి. పెద్దలు పాడితే పిల్లలు వినడం కాక, పిల్లలే స్టూడియోకు వచ్చి పాడారు, నాటికలు వేశారు, అల్లరి చేశారు. 1945లో వారు బాల పత్రిక స్థాపించారు. తరువాత హైదరాబాదుకు వచ్చి ఆంధ్ర బాలానంద సంఘాన్ని నడిపారు. ఆకాశవాణి బాలానందం విని పెరిగిన తరం ఇంకా మన మధ్యే ఉన్నది. ఆ దంపతుల వద్ద ఉపగ్రహం లేదు, యూట్యూబు లేదు, పెట్టుబడిదారుడు లేడు. ఒక మైకు ఉన్నది, ఎదుట పిల్లలున్నారు. అంతే.

వారి వెనుక సాహిత్యమూ ఉన్నది. గిడుగు వేంకట సీతాపతి గారు పిల్లల గేయాలు వ్రాశారు. చింతా దీక్షితులు గారు జనం నోటి పాటలను విలువైన వాఙ్మయంగా గుర్తించి పిల్లలకు అందించారు. వెలగా వెంకటప్పయ్య గారు గ్రంథాలయ శాస్త్రంతో పాటు బాలసాహిత్యాన్ని సేకరించడానికి జీవితం ధారపోశారు. మన తెలంగాణలో బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో తెలుగు జానపద గేయ సాహిత్యం మీద పరిశోధన చేసి, పల్లెపాటకు విశ్వవిద్యాలయంలో ఆసనం వేయించారు. నేటికీ వ్రాసేవారున్నారు. సిరిసిల్ల ప్రాంతపు కవి పత్తిపాక మోహన్ గారికి 2022లో కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం వచ్చింది. కవులున్నారు, పాటలున్నాయి, పురస్కారాలూ ఉన్నాయి. పిల్లవాడి చెవికి చేర్చే దారి మాత్రం లేదు. వంట సిద్ధం, విస్తరి లేదు.

ఇక మా మెదకు జిల్లా పల్లెల్లో ఏమున్నదో చెబుతాను. బతుకమ్మకు ముందు ఆడపిల్లల బొడ్డెమ్మ ఉన్నది. హోలీకి ముందు వెన్నెల రాత్రుల్లో కోలలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగే మగపిల్లల జాజిరి ఉన్నది. వానలు పడకపోతే రోకలికి కప్పను కట్టి, ఇంటింటా నీళ్లు పోయించుకుంటూ పాడే కప్పతల్లి ఆట ఉన్నది. ఇవన్నీ పిల్లలవే. పెద్దల పర్యవేక్షణ లేని, పిల్లలే నడిపిన చానెళ్లు ఇవి. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది. సంతోషం. వేదికలెక్కింది, వీడియోలకెక్కింది. బొడ్డెమ్మ మాత్రం ఏ వేదికా ఎక్కలేదు. చిన్నపిల్లల పండుగ కదా, దానితో ఓట్లూ రావు, ప్రకటనలూ రావు.

మా ఊరినే తీసుకోండి. జాతీయ రహదారి పక్కన, సికింద్రాబాదు నుండి నిజామాబాదు పోయే రైలుమార్గం మీద ఉన్న ఊరు మాది. 2016లో మండల కేంద్రమయింది. కొత్తపల్లికి పోయే కొత్త రైలుమార్గానికి ఇక్కడే మొదలు. చుట్టూ కాళ్లకల్, ముప్పిరెడ్డిపల్లి వైపు ఫ్యాక్టరీలు లేచాయి. బీహారు నుండి, ఒడిశా నుండి కూలీలు వచ్చారు. వారి పిల్లలు కిరాయి గదుల ముందు ఫోనులో భోజ్‌పురి పాటలు వింటారు. మా పిల్లలు ఆంగ్లంలో అబద్ధమాడిన కొడుకు పాట, గుండ్రంగా తిరిగే బస్సు చక్రాల పాట వింటారు. ఒకే వాకిట్లో ఆడుకునే ఈ రెండు జట్ల పిల్లలకు ఉమ్మడిగా తెలిసిన తెలుగు పాట ఒక్కటీ లేదు. వలస వచ్చిన బిడ్డ తెలుగు నేర్చుకోవడానికి పాటకంటే దగ్గరి దారి ఏమున్నది? ఆ దారి మనమే మూసిపెట్టి, "వాళ్లకు తెలుగు రాదు" అని నింద వేస్తాము.

"యూట్యూబులో తెలుగు పిల్లల పాటలు కావలసినన్ని ఉన్నాయి" అన్నది చివరి ఆక్షేపణ. ఉన్నాయి. వాటిలో పేరుపొందినవి బెంగుళూరులోనో, చెన్నైలోనో తయారయ్యాయి. చెన్నైలో 2013లో మొదలైన చూచూ టీవీ ప్రపంచమంతా చూసే సంస్థ అయింది. బెంగుళూరు ఇన్ఫోబెల్స్ మన పాత గేయాలకు బొమ్మలు కట్టి లక్షల ఇళ్లకు చేర్చింది. వారికి నమస్కారం పెట్టాలి. మనం చేయని పని పొరుగువారు చేశారు. అయితే ఒకసారి ఆ బొమ్మలను చూడండి. కళ్లు పెద్దవి, బుగ్గలు నున్నవి, ఇల్లు ఎక్కడిదో తెలియదు. బొమ్మ పాడుతుంది, పిల్ల చూస్తుంది. తనలాంటి మరొక పిల్ల, తన ఊరి యాసలో పాడటం ఆ తెర మీద కనబడదు. పైగా ఒక పాట అయ్యాక రెండవది ఏది రావాలో నిర్ణయించేది తల్లి కాదు, యంత్రం. పిల్లల వివరాలు సేకరించిన నేరానికి 2019లో అమెరికాలో యూట్యూబు సంస్థ 17 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. అటువంటి అంగడిలో బిడ్డను వదలి మనం వంటింట్లోకి పోతున్నాము.

యాస అన్నాను కనుక ఒక మాట. "పిల్లల పాటలు ఏ తెలుగులో ఉండాలి? కోస్తా తెలుగా, తెలంగాణ తెలుగా, పుస్తకపు తెలుగా?" అని మనవాళ్లు వాదం మొదలుపెడతారని తెలుసును. అరబ్బులకూ ఈ వాదం ఉన్నది. ప్రామాణిక అరబ్బీకి, వీధి అరబ్బీలకు మధ్య ఉన్న అగాధం మన యాసల మధ్య ఉన్నదానికంటే లోతైనది. అయినా వారు వాదం తేలేవరకు ఆగలేదు. స్పేస్‌టూన్ ప్రామాణిక భాషలో పలికింది, తుయూర్ అల్ జన్నా ఎక్కువగా ఇంటి మాటలో పాడింది. పిల్లలు రెండూ నేర్చారు. మనం వాదం తేలాక పాడదామని కూర్చుంటే, అప్పటికి పాడవలసిన పిల్లలు తాతలవుతారు.

అరబ్బీ మనకు పరాయిదేమీ కాదు. అసలు, జవాబు, ఖాళీ, జిల్లా, వకీలు, ఇవన్నీ అక్కడ పుట్టి ఉర్దూ మీదుగా మన నోళ్లలో స్థిరపడ్డ మాటలే. హక్కు కూడా అక్కడి మాటే. బాలల హక్కుల మీద 1989లో ఐక్యరాజ్యసమితి చేసిన ఒడంబడికలో ఆటలాడే హక్కు, సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకునే హక్కు వ్రాసి ఉన్నాయి. 1992లో భారతదేశం దానిని అంగీకరించింది. మాట తెచ్చుకున్నాం, ఒడంబడికకు ఒప్పుకున్నాం. ఆ హక్కును మన పిల్లల చేతికి ఎప్పుడిస్తాము?

కొత్త చానెల్ పెట్టాలంటే కోట్లు కావాలంటారు. నేను చానెల్ అడగడం లేదు. తెలంగాణ ప్రభుత్వానికి టీశాట్ విద్య అనే చానెల్ ఉన్నది. 2020 సెప్టెంబరులో బడులు మూతబడి ఉన్నప్పుడు అదీ, దూరదర్శన్ యాదగిరీ కలసి ఇంటింటికీ పాఠాలు చేర్చాయి. తలచుకుంటే ఎంత త్వరగా చేయగలరో ఆనాడు చూశాము. అదే తెర మీద రోజుకు ఒక్క అరగంట, సాయంత్రం బడి విడిచిన తరువాత, పిల్లల పాటకు ఇవ్వమనండి. ఒకరోజు మెదకు పిల్లలు, ఒకరోజు పాలమూరు పిల్లలు, ఒకరోజు ఆదిలాబాదు గోండు పిల్లలు తమ పాటతో. పోటీ వద్దు, మార్కులు వద్దు, న్యాయనిర్ణేతలు అసలే వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి ఉన్నది, వారూ చేయవచ్చును. వరంగల్లులో తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నది. ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టుకున్న ఆ విశ్వవిద్యాలయం ఆ పీఠం విద్యార్థులను పల్లెకొకరిని పంపి పిల్లల పాటలను రికార్డు చేయిస్తే, గోలకొండ పత్రికలో తెలంగాణ కవులను వెలికి తెచ్చిన ఆ పేరుకు న్యాయం జరుగుతుంది.

అంతవరకు మనమేం చేయాలి? పెద్దమ్మ మనుమరాలు తిరిగి పోవడానికి రెండు రోజుల ముందు నేను నా ఫోను తీసుకుని వారింటికి వెళ్లాను. పెద్దమ్మ చేత నాలుగు బొడ్డెమ్మ పాటలు పాడించి ఎక్కించుకున్నాను. ఐదవది సగంలో ఆగిపోయింది. "యాదికొస్తలేదు బిడ్డా, మా అక్క ఉంటే చెప్పేది" అన్నది. ఆమె అక్క పోయి మూడేళ్లయింది. ఆ సగం పాట ఇక ఎవరికీ రాదు. నాలుగు పాటలూ ఆ పిల్ల తండ్రి ఫోనుకు పంపాను. మనామాలో వింటున్నదని మొన్న కబురు వచ్చింది.

మీ ఇంట్లో డెబ్భై దాటిన వారుంటే ఈ రాత్రే అడగండి, చిన్నప్పుడు ఏం పాడుకున్నారో. మీకు తెలిసిన పాటల పేర్లు, ఏ ఊళ్లో ఏ ఆటకు పాడేవారో నాకు వ్రాయండి. ఆ సగం పాట మిగతా సగం మెదకు జిల్లాలో ఎవరి ఇంట్లోనైనా మిగిలి ఉన్నదేమోనన్న ఆశ నాకింకా పోలేదు.